ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తూ స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ కూడా చేయవచ్చా?

కొండపి పరిశోధకురాలు

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర ఒక పల్లె. బి.ఏ.లో ఆర్థికశాస్త్రం, గణితం, స్టాటిస్టిక్స్ చదివి, ఆర్థికశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి, ప్రస్తుతం అదే శాస్త్రంలో రెగ్యులర్ పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. వర్జీనియా పొగాకు వేలంలో రైతుకు దక్కే ధరను ఏయే కారణాలు నిర్ణయిస్తున్నాయన్నది నా పరిశోధనాంశం. మా నాన్న ఇరవై ఏళ్లకు పైగా బ్యారన్ (పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం) నడిపిన రైతు కనుక, ఈ అంశం కోసం నేను గ్రంథాలయంలో వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

8 వేలం కేంద్రాల పరిధిలో 412 మంది రైతుల దగ్గర వివరాలు సేకరించి, రిగ్రెషన్ (ధరకూ దాని కారణాలకూ ఉన్న సంబంధాన్ని అంచనా వేసే లెక్క) చేసి, గత నెల సెమినార్‌లో ఫలితాలు చదివాను. బయటినుంచి వచ్చిన ఒక ఆచార్యులు రెండు ప్రశ్నలు అడిగారు. ఒకే కేంద్రంలో, ఒకే కొనుగోలుదారుల ముందు అమ్మిన రైతుల ధరలను ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా ఎలా భావించారన్నది మొదటిది. ఎవరూ పాడక ‘నో బిడ్’ అయి ఇంటికి తిరిగి వెళ్లిన బేళ్లు (పొగాకు కట్టలు) మీ లెక్కలో ఎక్కడ ఉన్నాయన్నది రెండోది. రెండో ప్రశ్న వినగానే, తిరిగొచ్చిన బేళ్లను మా నాన్న మళ్లీ విప్పి, ఆకు ఏరి, గ్రేడు మార్చి కట్టిన రాత్రులు కళ్లముందు కదిలాయి. అయినా జవాబు మాత్రం చెప్పలేకపోయాను.

అప్పటినుంచి దూరవిద్యలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేయాలని మనసు లాగుతోంది. పీహెచ్‌డీతోపాటు అది చేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయా? ఒప్పుకుంటే, పెట్టే రెండేళ్లకు తగిన ఫలం ఉంటుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

కావలి మాస్టారు

అమ్మా, ముందు నిబంధన సంగతి తేల్చుకుందాం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 ఏప్రిల్ 13న ఒకే కాలంలో రెండు కోర్సులు చదవడానికి అనుమతిస్తూ మార్గదర్శకాలు ఇచ్చిన మాట నిజమే. అయితే అవి పీహెచ్‌డీ కాని కోర్సులు చదివేవారికే వర్తిస్తాయని వాటిలోనే స్పష్టంగా రాసి ఉంది. ‘రెండు డిగ్రీలకు అనుమతి వచ్చింది’ అన్న శీర్షిక ఒక్కటే చదివి పొరబడినవారిని నేను చాలామందిని చూశాను. దూరవిద్య అయితే ఫరవాలేదన్న మాట కూడా ఇక్కడ నిలవదు.

ఇక నా అభిప్రాయం. నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు ఆర్థికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. మా రోజుల్లో స్టాటిస్టిక్స్ పీజీ అంటే తిరుపతికో వాల్తేరుకో వెళ్లవలసిందే. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో గాని రాలేదు, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఆ తరవాతిది. ఆ కొరత నాకూ తెలుసు గనుక నీ ఆరాటాన్ని తక్కువ చేయడం లేదు. కాని పీహెచ్‌డీకి 2022 నవంబరు నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు. రెండో ఏడు గడుస్తున్న దశలో నాలుగు సెమిస్టర్ల పరీక్షలు నెత్తిన పెట్టుకుంటే, వేలం జరిగే నెలల్లో నువ్వు ఉండవలసింది కేంద్రంలో, కూర్చునేది పరీక్ష హాలులో అవుతుంది. ముందు సిద్ధాంత గ్రంథం సమర్పించు. ఎమ్మెస్సీ ఎక్కడికీ పోదు.

దర్శి నుంచి

మాస్టారు చెప్పిన నిబంధన ఎంత గట్టిదో నా అనుభవం నుంచి చెబుతాను. 2022కు ముందే నేను రెగ్యులర్ పీహెచ్‌డీ చేస్తూ దూరవిద్యలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ కట్టాను. రెండు చోట్లా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఉద్యోగానికి ఎంపికైన తరవాత ధ్రువపత్రాల పరిశీలనలో రెండింటి తేదీలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయని ఆపారు. దాదాపు రెండేళ్లు సంజాయిషీలు రాసుకుంటూ తిరిగాను. చివరికి ఎమ్మెస్సీని పక్కనపెట్టి పీహెచ్‌డీని మాత్రమే పరిగణించారు. చదివిన చదువు నాలో ఉంది, ఆ పట్టా మాత్రం ఈనాటికీ ఏ దరఖాస్తులోనూ రాయలేకపోతున్నాను. దయచేసి చెప్పకుండా చేరే ఆలోచన పెట్టుకోకండి.

ఒంగోలువాసి, ప్రస్తుతం అమెరికా

కొండపి చెల్లెమ్మకు నమస్కారం. నేను ఇక్కడ ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తూ దారిలోనే స్టాటిస్టిక్స్ మాస్టర్స్ తీసుకున్నవాణ్ణి. ఇక్కడి పద్ధతి వేరని ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇక్కడివారి రాతలు చదివి అక్కడ ప్రయత్నించి దెబ్బతినేవారు ఉన్నారు.

ఇక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో ఇతర శాఖల పీహెచ్‌డీ విద్యార్థులు అదే విశ్వవిద్యాలయంలోని స్టాటిస్టిక్స్ శాఖనుంచి మాస్టర్స్ పట్టా పొందే ఏర్పాటు ఉంది. డ్యూక్‌లో అలాంటిది ఉంది. ఎంఐటీ మరో అడుగు ముందుకువేసి ఆర్థికశాస్త్రం, స్టాటిస్టిక్స్ రెండూ కలిపిన డాక్టరేట్‌నే ఇస్తోంది. రెండు శాఖల అనుమతి కావాలి, ఫీజు సాధారణంగా అసిస్టెంట్‌షిప్‌లోనే సర్దుకుంటుంది. మొదటి ఏడాది మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలకు గణాంక పద్ధతులు వాడే శాఖ), ఏడాది చివర అర్హత పరీక్షలు ఊపిరి సలపనివ్వవు కనుక, రెండో ఏడు మొదలయ్యేదాకా స్టాటిస్టిక్స్ శాఖ గడప తొక్కలేదు. నేను పూర్తిచేయవలసినవి సుమారు 30 క్రెడిట్లు. ఆర్థికశాస్త్ర శాఖలో చదివిన ఎకనామెట్రిక్స్‌ను వాటిలో చాలా కొద్దిగా మాత్రమే కలుపుకోనిచ్చారు. దాంతో మూడో ఏడాది రాయవలసిన పరిశోధన పత్రం ఆరు నెలలు వెనకబడింది.

కొందరు వీసా కోసం ఈ పట్టా తీసుకునేవారు. చదువయ్యాక ఉద్యోగానుభవానికి ఇచ్చే 12 నెలలకు మరో 24 నెలలు కలవాలంటే కోర్సు స్టెమ్ (విజ్ఞాన, సాంకేతిక, ఇంజినీరింగ్, గణిత కోర్సుల) జాబితాలో ఉండాలి. ఇప్పుడు అనేక ఆర్థికశాస్త్ర శాఖలు తమ పీహెచ్‌డీని ‘ఎకనామెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్’ అనే కోడ్ కిందికి మార్చుకోవడంతో ఆ కారణం బలహీనపడింది.

మిగిలింది చదువు కారణమే. అది బలమైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. ‘ఈ కారణం వల్లే ఈ ఫలితం వచ్చిందని ఎలా నిరూపిస్తావు’ అని అడగడం నాకు ఎకనామెట్రిక్స్ నేర్పింది. స్టాటిస్టిక్స్ శాఖలో అంతకుముందు అడగవలసిన ప్రశ్న నేర్చుకున్నాను: ఈ అంకెలు నీ చేతికి ఎలా వచ్చాయి? జాషువా యాంగ్రిస్ట్, గైడో ఇంబెన్స్ అనే ఆర్థికవేత్తలు డొనాల్డ్ రూబిన్ అనే గణాంకవేత్తతో కలిసి 1996లో ఒక స్టాటిస్టిక్స్ పత్రికలో పత్రం ప్రచురించారు. 2021లో ఆ ఇద్దరు ఆర్థికవేత్తలకు డేవిడ్ కార్డ్‌తోపాటు నోబెల్ వచ్చినప్పుడు ఆ కృషి ప్రధానంగా ప్రస్తావనకు వచ్చింది. సరిహద్దు దాటినవారికి కొత్తవి కనబడతాయి. అయితే దాటడానికి పట్టాయే కావాలా అన్నది వేరే ప్రశ్న.

ఆత్మకూరు గణాంక ఉద్యోగి

నేను మండల స్థాయిలో గణాంక విభాగంలో పనిచేస్తున్నాను. అంకెలు చేతికి ఎలా వచ్చాయన్న ప్రశ్న పైన వచ్చింది కనుక ఒక మాట.

వరిలో పంటకోత ప్రయోగం చేసేటప్పుడు ఊరిని, చేనును, చేనులో కోయవలసిన చోటును యాదృచ్ఛిక సంఖ్యలతోనే ఎంచుకోవాలి. అలా వచ్చిన చోట 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలిచి, తాళ్లు కట్టి, కోసి, నూర్చి, తూకం వేస్తాం. గట్టున నిలబడినవారిలో ఒకరు కంకి బరువుగా ఉన్న చోటు చూపుతారు, నష్టపరిహారం మీద ఆశ ఉన్న మరొకరు తాలు పట్టిన చోటు చూపుతారు. ఇద్దరిలో ఎవరి మాట విన్నా ఆ మండలం దిగుబడి తప్పుతుంది. నాకు ప్రతిచయనం (శాంపిలింగ్) అంటే ఏమిటో తరగతిలోకంటే ఆ గట్టుమీదే బాగా తెలిసింది.

మీ 412 మందిని ఎలా ఎంచుకున్నారో మీరు రాయలేదు. జాబితా దగ్గర పెట్టుకుని సంఖ్యలతో ఎంచారా, లేక ఆ రోజు కేంద్రంలో కనబడినవారిని అడిగారా? రెండోదే అయితే, సరుకు అమ్ముడైనవారు నిలబడి మాట్లాడి ఉంటారు, నో బిడ్ అయినవారు బేళ్లు ట్రాక్టర్‌కు ఎత్తుకుని వెళ్లిపోయి ఉంటారు. ఆచార్యులవారి రెండో ప్రశ్న అక్కడే మొదలైంది.

కొండపి పరిశోధకురాలు

అందరికీ కృతజ్ఞతలు. ఆత్మకూరు అన్నయ్య అడిగింది నిజమే. 8 కేంద్రాల్లో 5 చోట్ల నమోదైన బ్యారన్ల జాబితానుంచే ఎంచుకున్నాను. మిగిలిన 3 చోట్ల జాబితా దొరకక కేంద్రానికి వచ్చినవారినే అడిగాను. ఇంతవరకూ ఆ తేడాను ఒక వాక్యంలో రాసి వదిలేశాను.

దర్శి గారి అనుభవం చదివాక దూరవిద్య ఆలోచన మానుకున్నాను. ఇప్పుడు అడగదలచింది ఇంకొకటి. పట్టా లేకుండానే, నా అంశానికి అవసరమైనంత స్టాటిస్టిక్స్ నేర్చుకోవాలంటే ఎమ్మెస్సీలోని ఏ భాగాలు చదవాలి, ఏవి వదిలేయవచ్చు? నా గణితం బి.ఏ. దగ్గరే ఆగిపోయింది.

నెల్లూరులో స్టాటిస్టిక్స్ బోధిస్తున్నాను

అమ్మాయీ, నీ రెండు ప్రశ్నలనే పట్టుకుని చెబుతాను, ఎందుకంటే సిలబస్‌ను మొదటి పేజీనుంచి చదవబోతే సగంలోనే విసుగొస్తుంది.

మొదటి ప్రశ్న తీసుకో. ఒక రోజు ఒక కేంద్రానికి పెద్ద కొనుగోలుదారు రాకపోతే అక్కడి రైతులందరి ధరా కలిసే పడిపోతుంది. అంటే ధరను కదిలించే కారణం కేంద్రం స్థాయిలో ఉన్నప్పుడు నీ దగ్గర ఉన్న స్వతంత్ర సమాచారం 412 కాదు, 8కి దగ్గరగా ఉంటుంది. మామూలు రిగ్రెషన్ ఆ సంగతి తెలియక ప్రామాణిక దోషాన్ని (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలతను) చిన్నది చేసి చూపుతుంది, లేని ఖచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది. దీనికి ఒక్కో కేంద్రాన్ని ఒక క్లస్టర్‌గా, అంటే ఒక గుంపుగా తీసుకుని దోషాన్ని సరిచేస్తారు. కాని ఆ సవరణకు ఆధారమైన సిద్ధాంతం క్లస్టర్ల సంఖ్య పెద్దదైనప్పుడే నిలుస్తుంది, ఎనిమిదికి నిలవదు. అందుకే కామెరాన్, గెల్బాక్, మిల్లర్ 2008లో వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్‌ను సూచించారు. ఒక్కో కేంద్రంలోని అవశేషాలన్నింటి (అసలు ధరకూ రిగ్రెషన్ అంచనాకూ మధ్య తేడాల) గుర్తునూ ఒకేసారి ప్లస్‌గానో మైనస్‌గానో మార్చి, పరీక్షను పదేపదే చేసి చూడడం దాని సారాంశం. 8 కేంద్రాలకు ఇలాంటి అమరికలు రెండును ఎనిమిదిసార్లు గుణించినన్ని, అంటే 256 మాత్రమే. నువ్వు కంప్యూటర్‌కు పదివేలసార్లు చేయమని చెప్పినా అది ఆ 256 మధ్యనే తిరుగుతుంది. రెండు గుర్తులకు బదులు ఆరు విలువలు వాడే, వెబ్ అనే పరిశోధకుడు సూచించిన భారాలు ఈ ఇబ్బందిని తగ్గిస్తాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సాఫ్ట్‌వేర్‌లో ఆదేశం ఒక్క వరుసే అయినా, పదివేలు ఎందుకు 256 అయ్యాయో తెలియకపోతే వైవాలో (మౌఖిక పరీక్షలో) మళ్లీ అదే మౌనం ఎదురవుతుంది. దీనికి కావలసింది లీనియర్ మోడల్స్, అంచనా సిద్ధాంతం, పరికల్పనా పరీక్షలు, కాస్త మాత్రికా బీజగణితం.

రెండో ప్రశ్న ఇంకా లోతైనది. అమ్ముడైన బేళ్ల ధరే నీకు తెలుసు, అమ్ముడుపోని బేలుకు ధరే లేదు. జేమ్స్ హెక్‌మన్ 1979లో ప్రచురించిన పద్ధతిలో రెండు సమీకరణాలు రాస్తాం: బేలుకు పాట వచ్చిందా లేదా అన్నది మొదటిది, వస్తే ఎంత వచ్చిందన్నది రెండోది. 2000లో ఆయనకు నోబెల్ రావడానికి ఈ కృషి ముఖ్యకారణం. అయితే పాట రావడం మీద ప్రభావం చూపుతూ, ధర మీద నేరుగా ప్రభావం చూపని చలరాశి ఒకటైనా నీ చేతిలో ఉండాలి. అది లేకపోతే ఆ సవరణ అంతా విభాజనం (విలువలు ఎలా పరచుకుని ఉన్నాయన్నది) ఆకృతి గురించి చేసిన ఊహ మీదే నిలబడుతుంది, ఆ ఊహ తప్పితే ఫలితం తలకిందులవుతుంది.

ప్రతిచయన సిద్ధాంతం తప్పక చదువు, నీ 5 జాబితా కేంద్రాలకూ 3 జాబితా లేని కేంద్రాలకూ మధ్య తేడా అక్కడే అర్థమవుతుంది. మెజర్ థియరీతో కూడిన సంభావ్యత సుందరమైన విషయమే, నాకు ప్రాణం కూడా, కాని నీ గ్రంథానికి ఇప్పుడు అక్కరలేదు. రిలయబిలిటీ, క్వాలిటీ కంట్రోల్, ఆపరేషన్స్ రీసెర్చ్ నిశ్చింతగా వదిలేయవచ్చు. ఎమ్మెస్సీ చేస్తే వీటన్నింటికీ పరీక్ష రాయాలి. నీకు అవసరమైనది అందులో మూడో వంతుకు మించదని నా అంచనా.

నిబంధనల్లో ఒక మంచి దారి కూడా ఉంది. పీహెచ్‌డీ కోర్సువర్క్‌కు కావలసిన కనీసం 12 క్రెడిట్లలో భాగంగా, యూజీసీ గుర్తించిన ఆన్‌లైన్ కోర్సులను పరిశోధన సలహా సంఘం సిఫార్సు చేయవచ్చు. నీ కోర్సువర్క్ అయిపోయి ఉన్నా, సంఘం అనుమతితో చదివినది దస్త్రంలో ఉండడం మంచిదే. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో 8 వారాలు, 12 వారాల కోర్సులు ఉన్నాయి. పరీక్ష కూడా రాయి, రాయకుండా చూసిన పాఠం నిలవదు.

కావలి మాస్టారు

మేడమ్ గారి వివరణ చదివి నేనే కొన్ని నేర్చుకున్నాను. ఒక్కచోట మాత్రం విభేదిస్తాను. ‘పాట రావడం మీద ప్రభావం చూపి ధర మీద చూపని చలరాశి’ ఏ స్టాటిస్టిక్స్ కోర్సులోనూ దొరకదు. కొనుగోలుదారులు కొద్దిమందే ఉన్న మార్కెట్ ఎలా నడుస్తుంది, పొగాకు బోర్డు అనుమతించిన పరిమాణానికి మించి పండిన ఏడు ఎవరు ముందు వెనక్కి తగ్గుతారు, తిరిగి వెళ్లిన బేలు మళ్లీ ఏ రూపంలో వస్తుంది, ఇవన్నీ తెలిసినవారికే అది తడుతుంది. ఇది ఆర్థికశాస్త్రం పని. నీ బలం అక్కడుంది తల్లీ, దాన్ని వదిలిపెట్టి మరో శాస్త్రం వెంట పరుగెత్తవద్దని నా మొదటి మాటకు అర్థం.

నెల్లూరులో స్టాటిస్టిక్స్ బోధిస్తున్నాను

మాస్టారూ, మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చలరాశిని వెతికేది తనే. దొరికినది పనికొస్తుందో లేదో పరీక్షించడం వరకే మా శాస్త్రం సాయం.

టంగుటూరు విద్యార్థి

నేను ఆర్థికశాస్త్రం, గణితం, స్టాటిస్టిక్స్‌తో బి.ఏ. చివరి సంవత్సరంలో ఉన్నాను. కొండపి అక్కయ్యలాగా తరవాత బాధపడకుండా ఇప్పుడే ఏం చేయాలి? ఉద్యోగాల పరంగా ఏ పీజీ మేలు?

ఆత్మకూరు గణాంక ఉద్యోగి

తమ్ముడూ, యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక విషయంగా ఉంటే చాలు, పీజీ తప్పనిసరి కాదు. వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి, సడలింపులు వేరు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు మాత్రం ఆర్థికశాస్త్రంలోనో దాని శాఖల్లోనో పీజీ కావాలి. అధ్యాపక వృత్తి అనుకుంటే ఇంకో సంగతి తెలుసుకో: ఆర్థికశాస్త్రానికి యూజీసీ నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) ఉంది, స్టాటిస్టిక్స్ మాత్రం సీఎస్ఐఆర్ నెట్‌లో గణిత శాస్త్రాల పేపరులో భాగం. రెండు దారుల్లో తయారీ వేరువేరు. పరిశోధన మీద మనసుంటే మొదట ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి, ఆ తరవాత ఆర్థికశాస్త్రం వైపు రావడం సులభం. ఆ వరుసలో ఎవరూ తేదీలు అడ్డుచెప్పరు. ప్రసిద్ధ గణాంకవేత్త సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేశాకనే కలకత్తాలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. చదివారు, 1943లో. రెండేళ్లకే ఆయన పేరుతో నేటికీ చదువుతున్న ఫలితం వెలువడింది.

కొండపి పరిశోధకురాలు

నా గైడు గారితో మాట్లాడాను. ప్రతిచయనం మీద ఒకటి, లీనియర్ మోడల్స్ మీద ఒకటి, రెండు ఆన్‌లైన్ కోర్సులకు సలహా సంఘం ముందు దరఖాస్తు పెట్టడానికి ఒప్పుకున్నారు. జాబితా లేని 3 కేంద్రాల్లో రాబోయే వేలం కాలంలో మళ్లీ సర్వే చేస్తాను, ఈసారి బేళ్లు వెనక్కి తీసుకెళ్లినవారి ఇళ్లకు కూడా వెళతాను.

మాస్టారు చెప్పిన మాట పట్టుకుని నిన్న రాత్రి మా నాన్నను అడిగాను. ఒకే ఆకు, ఒకే గ్రేడు బేళ్లలో కొన్నిటికి పాట వచ్చి కొన్నిటికి రాకపోవడం ఎప్పుడు చూశావంటే, ఆయన ఆలోచించకుండానే, ‘వరుసలో చివర పడితే అంతే, అప్పటికి కొనేవాళ్లకు ఆ రోజుకు సరిపోయి ఉంటుంది’ అన్నారు. మేడమ్, వరుసలో బేలు స్థానాన్ని ఆ చలరాశిగా తీసుకోవచ్చా?

నెల్లూరులో స్టాటిస్టిక్స్ బోధిస్తున్నాను

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. చాలా మంచి ఆలోచన, కాని రెండు సంగతులు తేలాలి. వరుస ఎవరు నిర్ణయిస్తున్నారు? సరుకు బాగున్న రైతు తెల్లవారుజామునే వచ్చి ముందు వరుస పట్టుకుంటున్నాడంటే, స్థానం వెనక నాణ్యత దాక్కుని ఉంటుంది. రెండోది, చివరికి కొనేవారు తగ్గినప్పుడు పాట ఆగిపోవడమే కాక, వచ్చిన పాట కూడా తగ్గుతుంటే, స్థానం ధర మీద నేరుగా పనిచేస్తున్నట్టే. ఒక కేంద్రంలో నాలుగైదు రోజుల వేలం వివరాలు బేలు వరుస సంఖ్యతో సహా దొరుకుతాయేమో అడిగి చూడు. దొరికితే ఏ ఆదివారమైనా నెల్లూరు రా, కలిసి కూర్చుని గ్రేడుల వారీగా చూద్దాం.

కొండపి పరిశోధకురాలు

తప్పకుండా వస్తాను మేడమ్. మా ఊళ్లో వరుసకు చీటీలు వేస్తారని ఒకరు, వచ్చిన వరుసే అని మరొకరు అంటున్నారు. ముందు అది ఎనిమిది కేంద్రాల్లోనూ విడివిడిగా కనుక్కుని వస్తాను.